టర్బో వేడికి అడ్డురేకు: ఇంటివద్ద తయారుచేసుకునే తీరు, తప్పనిసరి జాగ్రత్తలు

బళ్లారి సీమలో వేసవి ఎండ నలభై డిగ్రీలు దాటడం కొత్త కాదు. కురుగోడు చుట్టూ ఉన్న బండరాతి గుట్టలు పగలంతా తాగిన ఎండను పొద్దుగుంకిన తరువాత కూడా వెళ్లగక్కుతూనే ఉంటాయి. ఇటువంటి వాతావరణంలో ఇంటిల్లిపాదీ కారెక్కి మంత్రాలయానికో, తిరుపతికో, శ్రీశైలానికో బయలుదేరినప్పుడు బానెట్ కింద ఎంతటి వేడి పుడుతున్నదో ఎక్కువమంది ఆలోచించరు. రబ్బరు గొట్టం పగిలినప్పుడో, వైర్ల కట్ట మాడిన వాసన వచ్చినప్పుడో మాత్రమే ఆ సంగతి గుర్తుకు వస్తుంది.

ఒకప్పుడు టర్బో ఛార్జర్ లారీలకు, పెద్ద యంత్రాలకు పరిమితమైన భాగం. నేడు పరిస్థితి అది కాదు. బొలెరో, స్కార్పియో వంటి డీజిల్ వాహనాలతో పాటు చిన్న పెట్రోలు కార్లలో కూడా అనేకం టర్బోతోనే వస్తున్నాయి. 2020 వరకు అమ్ముడైన డీజిల్ స్విఫ్ట్ కార్లు సెకండ్ హ్యాండ్‌లో చేతులు మారుతూ పల్లెలకు చేరాయి. పాతబడిన ఈ వాహనాలలో కంపెనీ అమర్చిన వేడి రేకులు తుప్పుపట్టి ఊడిపోవడమో, గలగల చప్పుడు చేస్తున్నాయని ఎవరో విప్పి పడవేయడమో జరుగుతుంటుంది. ఆ లోటును పూడ్చుకునేందుకు స్వయంగా ఒక అడ్డురేకును, అంటే మెకానిక్కులు హీట్ షీల్డ్ అని పిలిచే భాగాన్ని, తయారుచేసుకోవచ్చును. పని కష్టమైనది కాదు, ఖర్చు కూడా స్వల్పమే. అయితే సరిగా చేయని అడ్డురేకు అసలు రేకే లేకపోవడం కంటే ప్రమాదకరం. అందువలన ఆ రేకు ఏ సూత్రంపై పనిచేస్తుందో ముందుగా గ్రహించడం అవసరం.

టర్బో ఎందుకంత వేడెక్కుతుంది?

ఇంజను నుండి వెలువడే పొగలో ఇంకా చాలా శక్తి మిగిలి ఉంటుంది. దానిని వృథాగా సైలెన్సరులోకి పంపకుండా ఒక చిన్న చక్రాన్ని తిప్పడానికి వాడుకుని, ఆ చక్రంతో ఒకే ఇరుసుపై ఉన్న మరో చక్రం ద్వారా బయటి గాలిని ఒత్తిడితో ఇంజనులోకి నెట్టడమే టర్బో చేసే పని. స్విట్జర్లాండుకు చెందిన ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషి 1905లోనే ఈ ఆలోచనకు పేటెంటు పొందారు. కార్లలోని చిన్న టర్బోల ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది.

పొగ వచ్చి తగిలే వైపు ఉండే పోత ఇనుప గుల్ల అసలైన వేడికి స్థానం. పూర్తి బరువుతో ఘాటు రోడ్డు ఎక్కుతున్నప్పుడు డీజిల్ ఇంజను పొగ వేడి 600 డిగ్రీల సెల్సియస్‌ను దాటగలదు. పెట్రోలు టర్బో ఇంజనులో అది 900 డిగ్రీలకు పైబడుతుంది. ఆ గుల్ల చీకటిలో ఎర్రగా కనిపించడం కూడా కద్దు.

ఆ వేడికి పక్కనే ఉన్న వస్తువుల ఓర్పు ఎంత? సాధారణ వైర్ల పైపూత 70 నుండి 105 డిగ్రీల వరకు మాత్రమే తట్టుకుంటుంది. రేడియేటరుకు వెళ్లే రబ్బరు గొట్టాలు సుమారు 125 డిగ్రీల వరకు నిలుస్తాయి. బ్యాటరీ సంగతి మరీ సున్నితం. సగటు వేడి పది డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ దాని ఆయువు దాదాపు సగానికి పడిపోతుందన్నది సాంకేతిక నిపుణులు పాటించే మోటు లెక్క. డీజిల్ ఆవిరి నిప్పురవ్వ లేకుండానే సుమారు 210 డిగ్రీల వద్ద అంటుకోగలదు. టర్బో పైన పగిలిన ఒక చిన్న డీజిల్ గొట్టం ఎంతటి ప్రమాదమో దీనిని బట్టి తెలుసుకోవచ్చును.

భోగిమంట ముందు చేట

వేడి మూడు దారులలో ప్రయాణిస్తుందని పాఠశాల పుస్తకాలలో అందరూ చదివినదే. పెనం పిడి కాలడం వహనం. పొయ్యిపై గాలి వేడెక్కి పైకి లేవడం సంవహనం. మూడవది వికిరణం. భోగిమంటకు నాలుగడుగుల దూరంలో నిలబడినా ముఖం చురుక్కుమంటుంది. ముఖానికి అడ్డంగా ఒక చేటను పట్టుకుంటే ఆ చురుకు తక్షణమే ఆగిపోతుంది. గాలి ద్వారా వచ్చే వేడి అయితే చేట పక్కల నుండి కూడా తగిలేది. వెలుగువలె సూటిగా వచ్చే వేడి కనుకనే చేట దానిని ఆపగలిగింది. టర్బో పక్కనున్న గొట్టాన్ని, వైరును మాడ్చేది ప్రధానంగా ఈ వికిరణమే.

వికిరణానికి ఒక చిత్రమైన లక్షణం ఉన్నది. వేడి రెట్టింపయితే అది రెట్టింపుతో ఆగదు. 300 డిగ్రీల వద్ద ఉన్న నల్లటి ఇనుప తలం, అరచేయంత భాగం నుండి, అంటే పది సెంటీమీటర్ల చదరం నుండి, సుమారు 60 వాట్ల వేడిని వెదజల్లుతుంది. అదే తలం 600 డిగ్రీలకు చేరితే సుమారు 300 వాట్లను వెదజల్లుతుంది. అంటే ఐదు రెట్లు. ఊరిలో తిరిగినప్పుడు బాగానే ఉన్న గొట్టం ఒక్క ఘాటు ప్రయాణంలో ఎందుకు పగులుతుందో ఈ లెక్క చెబుతుంది.

రెండవ లక్షణం మెరుపుకు సంబంధించినది. తుప్పుపట్టిన ఇనుము వేడిని ధారాళంగా పీల్చి అంతే ధారాళంగా వెదజల్లుతుంది. మెరిసే అల్యూమినియం తనపై పడిన వేడిలో తొంభై శాతానికి పైగా వెనుకకు తిప్పి పంపుతుంది. వేడి కాఫీ పోసుకునే ఫ్లాస్కు గాజుగొట్టానికి వెండి పూత వేసేది ఇందుకే. ఆ గొట్టపు రెండు గోడల నడుమ ఖాళీ ఉంచేది వహనాన్ని ఆపడానికి. మెరుపు, ఖాళీ అనే ఈ రెండే ఫ్లాస్కు రహస్యం. అడ్డురేకు రహస్యమూ అదే. రేకు మందం కంటే రేకుకు రెండు వైపులా ఉండే గాలి సందుకే ప్రాధాన్యం ఎక్కువ. మందపాటి రేకును తెచ్చి గొట్టానికి ఆనించి కట్టినవారు వేడిని ఆపినవారు కారు, వేడిని గొట్టానికి అందించినవారే అవుతారు.

ఏ రేకు మంచిది? ఏది వలదు?

పల్లెలలో చేతికందిన వస్తువుతో పని గడుపుకోవడం అలవాటు. ఈ పనిలో మాత్రం రేకు ఎంపికే సగం విజయం.

అల్యూమినియం రేకు: ఒక మిల్లీమీటరు మందం చాలును. 660 డిగ్రీల వద్ద కరుగుతుంది కనుక టర్బో గుల్లకు మరీ దగ్గరగా పనికిరాదు. గొట్టాలు, వైర్లు, బ్యాటరీ, గాలి వడపోత డబ్బా వంటి వాటి ముందు నిలబెట్టడానికి శ్రేష్ఠం. వేడిని ఒకచోట నిలువనీయక రేకంతా పరచి గాలికి వదిలేస్తుంది.

స్టెయిన్‌లెస్ స్టీలు రేకు: అర మిల్లీమీటరు నుండి ముప్పావు మిల్లీమీటరు మందం సరిపోతుంది. 1400 డిగ్రీల వరకు కరగదు, త్వరగా తుప్పు పట్టదు. టర్బోకు రెండు మూడు సెంటీమీటర్ల దూరంలోనే రేకు నిలపవలసి వస్తే దీనినే వాడాలి. కత్తిరించడం, వంచడం కొంత శ్రమ.

జింకు రేకు: ఇంటి కప్పుకు వేసే రేకు ముక్కలు ఊరంతా దొరుకుతాయి. అయితే దానిపై ఉన్న జింకు పూత 419 డిగ్రీల వద్ద కరుగుతుంది. దూరంగా ఉండే చోట పనికివచ్చినా టర్బో దగ్గర తగదు. దానిని వెల్డింగు చేసినప్పుడు లేచే తెల్లటి పొగ పీల్చిన వారికి చలిజ్వరం వస్తుంది.

నూనె డబ్బా రేకు: తగరపు పూత 232 డిగ్రీలకే కరుగుతుంది. రంగు మాడి వాసన వస్తుంది. అటు పిమ్మట తుప్పు తినివేస్తుంది. వాడకపోవడమే మేలు.

సిమెంటు రేకు ముక్కలు, ఆస్‌బెస్టాస్ తాడు: ఇవి ఎట్టి పరిస్థితిలోనూ వలదు. ఆస్‌బెస్టాస్ అన్ని రకాలూ క్యాన్సరు కారకాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. బానెట్ కింది గాలివేగానికి, అదురుకు ఆ నూగు రాలి ఊపిరితిత్తులలో చేరుతుంది.

కొలిమి దూది: ఉక్కు కర్మాగారాల కొలుములకు లోపల పరిచే తెల్లటి సిరామిక్ దూది పాత సామాను దుకాణాలలో దొరికినా తెచ్చుకోరాదు. అది కూడా క్యాన్సరు కలిగించే అవకాశమున్న పదార్థాల జాబితాలో ఉన్నది. పైగా అది నూనెను పీల్చుకుని వత్తివలె పనిచేస్తుంది.

వెండిరంగు నురుగు పట్టాలు: ఇంటి కప్పు కింద వేసే బుడగల పట్టా పైకి మెరుస్తుంది గాని లోపల ఉన్నది ప్లాస్టిక్కు. అది కరిగి మండుతుంది.

వంటింటి ఫాయిలు: చిరిగి తేలి బ్యాటరీ మొనలకు తగిలితే షార్టు సర్క్యూట్ అవుతుంది. దానిని బానెట్ కిందికి రానీయరాదు.

ముందు పరీక్ష, పిదప రేకు

ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత, అంటే కారు నిలిపిన మూడు నాలుగు గంటలకు గాని పని ఆరంభించరాదు. మొదట బ్యాటరీ నెగెటివ్ మొనను ఊడదీయాలి. అటు పిమ్మట టర్బో చుట్టూ ఉన్న ప్రతి వస్తువును టార్చిలైటు వేసి పరిశీలించాలి. వేడి తిన్న వస్తువు తానే చెబుతుంది. గట్టిపడి గోటితో నొక్కినా లొంగని గొట్టం, నెర్రెలు వారిన రబ్బరు, గోధుమరంగుకు తిరిగిన వైరు టేపు, బుడగలు లేచిన ప్లాస్టిక్కు మూత వంటివి ఎక్కడ కనిపిస్తే అక్కడే అడ్డురేకు అవసరం. అటువంటి గొట్టాలను, వైర్లను ముందుగా మార్పించాలి. మాడిన గొట్టానికి రేకు అడ్డం పెట్టడం పగిలిన కుండకు ముగ్గు వేయడం వంటిది.

నూనె గాని, డీజిల్ గాని చెమ్మగా కారుతున్న జాడ ఉంటే ఆ పని ముగిసే వరకు రేకు ఊసెత్తరాదు. కారిన నూనె రేకు మడతలో చేరి, కంటికి కనిపించకుండా వేడెక్కి, ఒకనాడు అంటుకుంటుంది. పొగ కారుతున్న గొట్టం జాయింటు దగ్గర నల్లటి మసి చార కనిపించినా అంతే. దానిని మెకానిక్కు చేత బాగుచేయించవలసినదే.

తయారుచేసే క్రమం

మొదట చెప్పుల డబ్బా అట్టతో నమూనా చేసుకోవాలి. అట్టను కావలసిన చోట నిలిపి, కత్తిరించి, వంచి, మళ్లీ నిలిపి చూసుకోవాలి. రేకు వృథా కాకుండా ఉండడానికి ఇదొక్కటే మార్గం. బానెట్ మూసినప్పుడు తగులుతుందా, నూనె కొలిచే పుల్ల బయటికి వస్తుందా, ఫ్యానుకు అడ్డమా అన్నవి అట్టతోనే తేల్చుకోవాలి.

రేకుకు, టర్బోకు మధ్య రెండున్నర సెంటీమీటర్ల సందు, రేకుకు, అది కాపాడవలసిన వస్తువుకు మధ్య కనీసం ఒక సెంటీమీటరు సందు ఉండేలా చూడాలి. ఇంజను రబ్బరు దిమ్మెలపై కూర్చుని ఉంటుంది కనుక స్టార్టు చేసినప్పుడు, గేరు మార్చినప్పుడు ఊగుతుంది. రేకును బాడీకి బిగించినట్లయితే ఇంజను ఊగినా తగలనంత చోటు అదనంగా వదలాలి.

నమూనాను రేకుపై ఉంచి గీత గీసి, నలువైపులా ఒక సెంటీమీటరు అదనంగా వదిలి రేకుకత్తెరతో కోయాలి. చేతికి తోలు తొడుగులు, కంటికి అద్దాలు తప్పనిసరి. అదనంగా వదిలిన అంచును లోపలికి మడిచి సుత్తితో చదును చేయాలి. ఈ మడత రెండు పనులు చేస్తుంది. అంచు పదును వైర్లను కోయకుండా కాపాడుతుంది. రేకు వణకకుండా బిరుసునిస్తుంది. పెద్ద రేకు అయితే మధ్యలో ఇనుప కడ్డీ ఆధారంగా ఒకటి రెండు గాడులు కొట్టుకుంటే మరింత గట్టిపడుతుంది.

వేడి మరీ ఎక్కువగా ఉన్న చోట ఒకే మందపు రేకుకు బదులు రెండు పలుచటి రేకులను ఐదారు మిల్లీమీటర్ల ఎడంతో, మధ్యలో వాషర్లు ఉంచి బిగించడం మేలు. ఆ రెండింటి నడుమ గాలి కదలడానికి పైన, కింద తెరచి ఉంచాలి.

బిగించడానికి ముందే ఉన్న బ్రాకెట్ల బోల్టులను ఎంచుకోవాలి. టర్బోను, ఎగ్జాస్ట్ మానిఫోల్డును పట్టి ఉంచే నట్లను ముట్టుకోరాదు. అవి వేడికి బిగుసుకుపోయి ఉంటాయి. విప్పబోతే స్టడ్డు విరిగి, రేకు ఖర్చుకు పదింతలు మరమ్మతుకు అవుతుంది. బాడీకి కొత్తగా రంధ్రాలు వేయడం కూడా తగదు. వెనుక ఏ వైరు, ఏ బ్రేకు గొట్టం ఉన్నదో కనిపించదు. లోపల నైలాను ఉండే లాక్ నట్లు వేడికి పట్టు వదులుతాయి కనుక స్ప్రింగు వాషరు వేసిన ఇనుప నట్లు వాడాలి. ప్లాస్టిక్కు కట్లకు బదులు ఇనుప క్లాంపులు ఉండాలి.

టర్బో మధ్యభాగాన్ని పూర్తిగా కప్పివేయరాదు. అక్కడ ఇరుసు బేరింగులకు నూనె వెళ్లే సన్నటి గొట్టాలు ఉంటాయి. గాలి ఒత్తిడిని అదుపుచేసే కడ్డీ కూడా ఆ పక్కనే కదులుతుంటుంది. అడ్డురేకు పెట్టె కాదు, పైన కింద తెరచి ఉన్న గోడ మాత్రమే. వేడిగాలి కింద నుండి పైకి పారే దారి ఉండాలి. రేడియేటరు వెనుక గాలికి అడ్డం వచ్చిందంటే ఒక వేడిని ఆపబోయి మరొక వేడిని తెచ్చుకున్నట్లే.

టర్బో వైపు తిరిగిన ముఖానికి రంగు వేయరాదు. నల్లరంగు వేసిన రేకు అందంగా కనిపించవచ్చు గాని వేడిని తిప్పికొట్టే గుణం పోగొట్టుకుంటుంది.

బిగించిన తరువాత

ఇంజను స్టార్టు చేసి ఐదు నిమిషాలు నిలకడగా నడవనిచ్చి చప్పుడు వినాలి. గలగల వినిపిస్తే ఎక్కడో తగులుతున్నదని అర్థం. తరువాత పది కిలోమీటర్లు నడిపి, చల్లారనిచ్చి, నట్లన్నీ మరొకసారి బిగించాలి. నూరు కిలోమీటర్ల తరువాత ఇంకొకసారి చూడాలి.

రేకు పనిచేస్తున్నదో లేదో తెలుసుకోవడానికి కొందరు తుపాకివలె పట్టుకునే వేడిమాపకాన్ని వాడుతుంటారు. ఇక్కడ ఒక మోసం ఉన్నది. ఆ పరికరం వికిరణాన్ని బట్టి వేడిని లెక్కగడుతుంది. మెరిసే రేకు వికిరణం తక్కువగా వెదజల్లుతుంది కనుక రేకు నిజంగా కాలుతున్నా అంకె తక్కువగా చూపుతుంది. కాబట్టి రేకును కాక, రేకు వెనుక ఉన్న నల్లటి రబ్బరు గొట్టాన్నే కొలవాలి. రేకు పెట్టక ముందు, పెట్టిన తరువాత, ఒకే దారిలో ఒకే వేళకు ప్రయాణించి కొలిచిన అంకెలే నమ్మదగినవి.

కురుగోడు ప్రాంతంలో మరొక చిక్కు ధూళి. నల్లరేగడి దుమ్ము, సండూరు, తోరణగల్లు దారుల ఎర్రటి ఖనిజపు దుమ్ము, ఇంజను నూనె చెమ్మ కలిసి మెరిసే రేకును కొన్ని నెలలలోనే నల్లబరుస్తాయి. పూర్తిగా నల్లబడిన రేకు, మెరిసే రేకు ఆపినంత వేడిని ఆపలేదు, సుమారు సగం మాత్రమే ఆపగలదు. సర్వీసింగు చేయించిన ప్రతిసారీ ఇంజను చల్లగా ఉన్నప్పుడు రేకును తడిగుడ్డతో తుడిచి మెరుపు నిలుపుకోవాలి. ఇల్లాలు స్టీలు బిందెను తళతళలాడేలా ఉంచినట్లే దీనిని కూడా ఉంచుకోవాలి.

అడ్డురేకు చేయలేని పనులు

డాష్‌బోర్డుపై వేడి ముల్లు పైకి పోతుంటే అడ్డురేకు దానికి మందు కాదు. అది రేడియేటరు, కూలెంటు, ఫ్యాను, థర్మోస్టాటుకు సంబంధించిన జబ్బు. రేకు చుట్టుపక్కల వస్తువులను కాపాడుతుందే గాని ఇంజను లోపలి వేడిని తగ్గించదు.

బండి బలం పెరుగుతుందని ఆశపడడం కూడా తగదు. ఇంజను పీల్చే గాలి 75 డిగ్రీల వద్ద ఉంటే, 45 డిగ్రీల గాలి కంటే సుమారు తొమ్మిది శాతం పలుచగా ఉంటుందన్నది నిజమే. గాలి వడపోత డబ్బా టర్బో పక్కనే ఉన్న వాహనాలలో రేకు వలన కొంత చల్లటి గాలి అందవచ్చును. అయితే ఇంటర్‌కూలర్ ఉన్న వాహనాలలో ఆ తేడా చాలావరకు అక్కడే సర్దుకుంటుంది. రేకు వలన కలిగే అసలు లాభం గొట్టాల, వైర్ల, బ్యాటరీ ఆయువు పెరగడమే.

ఘాటు ఎక్కి ఆగిన వెంటనే ఇంజను ఆపే అలవాటును కూడా ఏ రేకూ సరిదిద్దలేదు. ఇంజను ఆగితే టర్బోకు నూనె పారడం ఆగుతుంది. ఎర్రగా కాలిన ఇరుసు వద్ద నిలిచిపోయిన నూనె మాడి బొగ్గుగా గడ్డకడుతుంది. దూరప్రయాణం లేదా ఎగువ ప్రయాణం తరువాత ఒకటి రెండు నిమిషాలు ఇంజనును నిలకడగా నడవనిచ్చి ఆపడం టర్బోకు పెట్టే పెద్ద మర్యాద.

కల్లం రోడ్డు, ఎండుగడ్డి

సరిహద్దు పల్లెలలో అన్నిటికంటే ముఖ్యంగా గమనించవలసినది కారు కింది రేకు. పంట కోతల కాలంలో ఉలవ కట్టె, కంది కట్టె, జొన్న కంకులు తారురోడ్డుపై పరచి వాహనాల చేత తొక్కించడం ఇటు కర్ణాటకలోనూ, అటు ఆంధ్రప్రదేశ్‌లోనూ కనిపించే దృశ్యమే. నడుస్తున్న కారు చక్రాలకు, ఇరుసుకు ఆ కట్టె చుట్టుకుని పొగగొట్టానికి చేరుతుంది. ఎండుగడ్డి అంటుకోవడానికి 250 నుండి 300 డిగ్రీల వేడి చాలును. పొగను శుద్ధిచేసే కెటాలిటిక్ కన్వర్టరు అంతకంటే ఎక్కువ వేడిగా ఉంటుంది. 2020 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చిన బీఎస్-6 డీజిల్ వాహనాలలో మసిని పట్టే వడపోత గొట్టం ఉంటుంది. అది తనలోని మసిని కాల్చుకునే సమయంలో పొగ వేడి 600 డిగ్రీల దరిదాపులకు చేరుతుంది.

ఈ గొట్టాల కింద, పైన కంపెనీ వారు రేకులు అమర్చేది గడ్డికి, నేలబోర్డుకు వేడి తగలకుండా ఉండడానికే. గుంతల రోడ్డుపై రాయి తగిలి ఆ రేకు వదులై గలగలమంటే, దానిని విప్పి పారవేయమని చెప్పేవారు చాలామంది ఉంటారు. ఆ సలహాను ఎవరూ పాటించరాదు. వదులైన చోట పెద్ద వాషరు వేసి తిరిగి బిగించుకోవాలి. పూర్తిగా పాడైతే కంపెనీ రేకునే తెప్పించుకోవాలి. కారు కింది భాగానికి ఇంటి రేకు అమర్చడం తగదు. రాళ్ల దెబ్బకు, నీటికి అది నిలువదు. కింద వేలాడితే గడ్డిని పట్టే కొక్కెమే అవుతుంది.

కట్టె పరచిన రోడ్డుపై నడపవలసి వస్తే దాటిన వెంటనే భద్రమైన చోట ఆపి కిందికి వంగి చూడాలి. వేడి బండిని గడ్డివాము పక్కన గాని, ఎండుగడ్డి పెరిగిన గట్టున గాని నిలుపరాదు.

ఎలుకలను కూడా మరువరాదు. పల్లె ఇళ్లలో రాత్రి వెచ్చదనం కోసం ఎలుకలు బానెట్ కిందికి చేరి పీచు, గుడ్డపేలికలు, గడ్డి తెచ్చి గూడు కడతాయి. వేడి ఆపడానికి దూది గాని, గోనె గాని కట్టిన చోటు వాటికి మరీ ఇష్టం. ఇంజను అదుపుకు ఇనుప రేకే మేలనడానికి ఇదొక కారణం. వారానికి ఒకసారి బానెట్ ఎత్తి రేకు వెనుక చూడడం మంచి అలవాటు.

నిప్పు అంటుకుంటే

బానెట్ సందుల నుండి పొగ గాని, మాడిన వాసన గాని వస్తే వెంటనే బండిని పక్కకు ఆపి, ఇంజను ఆపి, పిల్లలను, వృద్ధులను ముందుగా దింపి దూరంగా పంపాలి. బానెట్‌ను ఒక్కసారిగా ఎత్తరాదు. లోపలికి గాలి చేరి మంట ఎగసి ముఖానికి తగులుతుంది. ఐఎస్ఐ గుర్తు ఉన్న పొడి రకపు చిన్న మంట ఆర్పే సీసా కారులో చేతికందే చోట ఉండాలి. బానెట్‌ను కొద్దిగా మాత్రమే వదులుచేసి ఆ సందులో నుండి పొడి చల్లవచ్చును. మంట పెద్దదైతే సామాను మీద ఆశ వదులుకుని దూరంగా తొలగాలి. 112 నంబరుకు ఫోను చేస్తే సరిహద్దుకు ఏ వైపున ఉన్నా సహాయం అందుతుంది.

చట్టం, వారంటీ

రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు మారేలా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతున్నది. పక్క గొట్టాన్ని కాపాడే చిన్న రేకు ఆ కోవలోకి రాదు. పొగ శుద్ధిచేసే భాగాలను తొలగించడం, పొగగొట్టం దారి మార్చడం మాత్రం తప్పే. కొత్త కారుకు వారంటీ నడుస్తుంటే ఇంటి రేకు జోలికి పోక, ఏ గొట్టం మాడుతున్నదో కంపెనీ సర్వీసు సెంటరు వారికి చూపి, రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, ఉచితంగా బాగుచేయించుకోవడమే ఉత్తమం. పాత కారు గలవారు కూడా రేకు అమర్చిన తరువాత ఒకసారి నమ్మకమైన మెకానిక్కుకు చూపించుకోవాలి.

ఆదివారం ఉదయం రెండు మూడు గంటలు, ఒక గజం రేకు, నాలుగు నట్లు, ఒక అట్ట డబ్బా ఉంటే ఈ పని పూర్తవుతుంది. రేకు మెరవాలి, తగలకుండా ఉండాలి, దాని వెనుక ఏదీ కారరాదు. ఈ మూడూ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుని, అటు పిమ్మటే ఇంటిల్లిపాదీ ఘాటు ప్రయాణానికి బయలుదేరాలి.